వద్దన్నవాడే బిషప్

బిషప్ పదవి వద్దని పారిపోయినవాడిని పట్టుకోవడానికి వేటకుక్కల్ని వదలడం బ్రెనోలా నగరంలో ఆచారం. ఆ ఉదయం కుక్కల్ని వదిలారు. అవి కోట వీధి దాటి, చేపల అంగడి దాటి, పెద్ద చర్చి గంటల గోపురం కింద ఆగి, తలలు పైకెత్తి తోకలాడించాయి.

తోకలాడించడమే కొంపముంచింది.

గోపురం మీద దాక్కున్నవాడు బెరెంగారియో. చర్చి ఖజానా ఆయన చేతిలో ఉంటుంది. కుక్కలు దారి తప్పి తనని కనిపెట్టలేకపోతాయేమోనన్న భయంతో ఆయన కొన్ని వారాలుగా రహస్యంగా వాటికి మేక కార్జం మేపుతున్నాడు. కుక్కలు విశ్వాసం చూపించాయి. కింద నిలబడ్డ పరీక్షాధికారి పండోల్ఫో వాటి తోకల వైపు చాలాసేపు చూసి, గొంతు సవరించుకుని తీర్పు చదివాడు.

"మొరగవలసిన కుక్కలు తోకలాడించినవి. దీనినిబట్టి అభ్యర్థికిని కుక్కలకును పూర్వపరిచయము కలదని తేలుచున్నది. దొరకవలెనను కోరికతో దాగినవాడు దాగినట్లు కాదు. అనర్హుడు."

ఈ పద్ధతి ఎలా వచ్చిందో చెప్పాలి. పదవి కోరుకునేవాడికి పదవి ఇవ్వరాదని పెద్దలు ఎప్పుడో ఒక మంచిమాట అన్నారు. దాన్ని గౌరవించి, బ్రెనోలాలో బిషప్‌గా ఎన్నికైనవాడు మూడుసార్లు "నాకొద్దు" అనాలని ఆచారం పెట్టారు. కాలం గడిచేకొద్దీ అది పెళ్లిభోజనం మర్యాదలా తయారైంది. విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టి, చాలు చాలంటూ వేళ్ల సందుల్లోంచి నెయ్యి పోయించుకునే మర్యాద. కిందటి బిషప్ లాంబెర్తో మూడు వద్దుల్నీ ఒకే ఊపిరిలో అనేసి, మూడోది నోట్లోంచి బయటికొచ్చేసరికే కుర్చీలో కూర్చుని ఉన్నాడు. తర్వాత చర్చి గంటలు కరిగించి తన విగ్రహం పోయించుకున్నాడు. ఆయన పోయేదాకా ఊరికి టైము తెలియలేదు.

ఆయన్ని పూడ్చిన మర్నాడే కేనన్ల సభ కూర్చుంది. కేనన్లంటే పెద్ద చర్చికి అనుబంధంగా ఉండి, బిషప్‌ని ఎన్నుకునే హక్కున్న గురువులు. ఇకమీదట నోటితో వద్దంటే చాలదనీ, మనసులో కూడా వద్దని ఉండాలనీ, ఉందో లేదో పరీక్షించాలనీ వాళ్లు తీర్మానించారు. పరీక్షాధికారిగా పండోల్ఫోని వేశారు. ఆయన చట్టం చదివినవాడు. నిబంధన కనిపిస్తే ఆకలి మరిచిపోయే మనిషి.

బెరెంగారియో అనర్హుడయ్యాక మిగిలిన ఆశ డీన్ అర్నుల్ఫో మీద. డీన్ అంటే కేనన్లందరికీ పెద్ద. భారీ శరీరం, మెత్తటి చేతులు, ఆ కుర్చీ మీద ఇరవయ్యేళ్ల వయసునుంచీ ఉన్న చూపు. ఆయన సారా కొట్లో ఖాళీ పీపాలో దాక్కున్నాడు. వెతికేవాళ్లు ఆ పీపా పక్కనుంచే రెండుసార్లు వెళ్లిపోయారు. మూడోసారీ వెళ్లిపోతుంటే పీపా దగ్గింది. దగ్గు సహజమైనదా, ఆశతో కూడినదా అన్నదాని మీద సభలో మధ్యాహ్నం దాకా వాదన జరిగింది. ఆశతో కూడినదేనని తేలింది.

నగరంలో ఇంక అభ్యర్థులు లేరు. సభ దిక్కులు చూస్తున్న ఆ సమయంలో బయట అరుగు మీద ఒక పల్లెటూరి ఫాదర్ కూర్చుని ఉన్నాడు. ఆయన బిషప్ పదవి కోసం రాలేదు. రాళ్ల కోసం వచ్చాడు.

ఆయన పేరు తెబాల్దో. మోర్నా నది అవతలి గట్టు మీద సాల్వా అనే పల్లె ఆయన చూసుకునే చర్చి కింద ఉంది. పల్లెవాళ్లు ఏ పనికైనా తెప్ప మీద నది దాటాలి. ఏటా వసంతంలో కొండల మీద మంచు కరిగి నది పొంగుతుంది. కిందటేడు ఒక పసిబిడ్డ జ్ఞానస్నానానికి వస్తున్న తెప్ప నడిమధ్యలో బోల్తా పడింది. బిడ్డ పోయింది, తల్లి పోయింది, తెప్ప నడిపేవాడూ పోయాడు. దొరికినవాళ్లని తెబాల్దో పూడ్చాడు. ఆ మర్నాటినుంచి నది మీద వంతెన మొదలుపెట్టాడు. పల్లెవాళ్లు కలిసి రెండు గట్ల వైపూ కమానులు లేపారు. నడిమి కమాను మాత్రం మిగిలింది. దాన్ని కొయ్యచట్రం మీద పేరుస్తున్నారు. వరద వచ్చేలోగా కమాను మూసుకుందా, చట్రం కొట్టుకుపోయినా వంతెన నిలబడుతుంది. మూసుకోలేదా, చట్రంతోపాటు కట్టిందంతా పోతుంది. రాళ్లు అయిపోయాయి. నది ఇవతల గట్టు మీద ఎప్పుడో శిథిలమైపోయిన మఠం ఒకటుంది, దాని రాళ్లు చర్చివి. ఆ రాళ్లు ఇప్పించమని అడగడానికి ఆయన పొద్దుటినుంచి ఆ అరుగు మీద కూర్చున్నాడు.

మంచినీళ్ల కోసం బయటికొచ్చిన పండోల్ఫో ఆయన్ని చూశాడు. అడిగితే పోయేదేముందని, పద్ధతి ప్రకారం అడిగాడు.

"బ్రెనోలా పీఠమును స్వీకరించెదరా?"

"వద్దండి. రాళ్ల కోసం వచ్చాను."

పండోల్ఫో చేతిలో చెంబు ఆగిపోయింది. రెండోసారి అడిగాడు. తమరు ఎవర్నో చూసి ఎవరో అనుకుంటున్నారని తెబాల్దో నెమ్మదిగా చెప్పాడు. మూడోసారి అడిగేసరికి ఆయనకు విసుగొచ్చింది. పనుందని లేచాడు. భటులు అడ్డం వచ్చారు. ఆయన వాళ్లని పక్కకి తోసి, గోడ దూకి పరిగెత్తాడు.

నిజంగా పరిగెత్తాడు. ఎక్కడికి పోతున్నదీ ఎవరికీ చెప్పకుండా పారిపోవడం బ్రెనోలా చరిత్రలో అదే మొదలు. కుక్కలకు ఏం చెయ్యాలో తోచలేదు. చివరికి ఆయన్ని సాల్వాలో, పరంజా మీద, చేతిలో తాపీతో పట్టుకున్నారు. పండోల్ఫో నిచ్చెనెక్కి పత్రం చదవబోతుంటే తెబాల్దో తాపీలో ఉన్న సున్నం ఆయన మొహాన కొట్టాడు. పండోల్ఫో కళ్ల నీళ్లు కారుస్తూ కింద ఉన్న కేనన్ల వైపు తిరిగాడు.

"సభ్యులారా, ఇది నటన కాదు. సున్నము కంటిలో పడినది."

తెబాల్దోని కట్టేసి తీసుకొచ్చి, కట్లతోనే కుర్చీలో కూర్చోబెట్టి, తల మీద కిరీటం పెట్టారు. ఆ దృశ్యం జనానికి ఎంతో నచ్చింది. ముతక తాడు బాగోలేదని తర్వాత పట్టుతాడు చేయించి, దాన్ని బిషప్ అధికార దుస్తుల్లో చేర్చారు.

మొదటి రాత్రి తెబాల్దో నిద్రపోలేదు గానీ, తెల్లారేసరికి కొంత కుదుటపడ్డాడు. తను ఇప్పుడు బిషప్. మఠం రాళ్లు బిషప్‌వి. అడగాల్సిన మనిషీ, ఇవ్వాల్సిన మనిషీ ఒక్కడే అయ్యాడు. పండోల్ఫోని పిలిచి, రాళ్లు సాల్వాకు తోలించమన్నాడు.

పండోల్ఫో నడుము వంచి నమస్కరించి, కదలకుండా నిలబడ్డాడు.

"ఏలినవారు మన్నించాలి. కోరిక లేనివారన్న కారణము చేతనే తమరు పీఠమెక్కితిరి. తమకు వంతెన మీద కోరిక ఉన్నదని ఒప్పుకొన్నచో తమరు అనర్హులగుదురు. అనర్హుల ఆజ్ఞ చెల్లదు. కావున వంతెన తప్ప, తమకు కోరిక లేనిది ఏదైనను తమరు ఆజ్ఞాపించవచ్చును."

తెబాల్దో కాసేపు ఆలోచించాడు. సరే, వంతెన నాకు అక్కర్లేదు అన్నాడు. పండోల్ఫో సంతోషించి, నగర వైద్యుడు గైదోని పిలిపించాడు. గైదో బిషప్ గారి మణికట్టు పట్టుకుని, చెవి దగ్గర మెల్లగా "వంతెన" అన్నాడు. నాడి గుర్రంలా దూకింది. విజ్ఞప్తి తోసిపుచ్చారు.

ఆ రోజునుంచి మేత్రాసనం పరిపాలన, అంటే ఆ బిషప్ కింద ఉన్న ప్రాంతమంతటి పాలన, నాడి పట్టుకునే జరిగింది. ఉదయం కాగానే గైదో వచ్చి కూర్చునేవాడు. పండోల్ఫో ఒక్కొక్క వస్తువు పేరూ చదివేవాడు. నెమళ్లు కావాలా అని అడిగితే నాడి కదల్లేదు. నెమళ్లు మంజూరయ్యాయి. చలవరాతి స్నానపు తొట్టి మంజూరైంది. ఇంకో కుర్చీ, ఆ కుర్చీ కింద పెట్టుకోవడానికి చిన్న కుర్చీ, ఇవన్నీ వచ్చాయి. సాల్వాకు ఒకసారి వెళ్లొస్తానంటే మాత్రం నాడి తప్పింది. నెమళ్లకు పిల్లలు పుట్టాయి. భవనంలో మనుషులు నడవడానికి జాగా తగ్గింది.

ఈలోగా ఊరికి ఈ జబ్బు పట్టింది. వద్దనడమే పెద్దరికం అనుకున్నారు. రొట్టెల దుకాణంలో అమ్మేవాడు అమ్మనని, కొనేవాడు కొననని చాలాసేపు అనుకుని, చల్లారిన రొట్టె చేతులు మారేది. పెళ్లిలో ఔననే పెళ్లికొడుకుని చూసి చుట్టాలు ముక్కున వేలేసుకునేవాళ్లు. నగర సేనాపతి పదవి కూడా, యుద్ధమంటే నిజంగా ఇష్టం లేని ఒక పూలతోట ఆసామికి ఇచ్చారు. ఈ వార్త పక్క లోయ దొర, గొజెలో అనే కౌంట్ చెవిన పడింది. ఆయన సైన్యంతో వచ్చాడు.

కోట తలుపులు తెరిచే ఉన్నాయి. మూసే అధికారం తనకొద్దని సేనాపతి అన్నాడు. పండోల్ఫో పళ్లెంలో నగరం తాళంచెవులు పెట్టుకుని ఎదురెళ్లాడు. కౌంట్ చెయ్యి చాచాడు. పండోల్ఫో పళ్లెం వెనక్కి లాక్కున్నాడు. ఆశించినవారికి ఇవ్వడానికి నిబంధనలు ఒప్పుకోవనీ, ముందు నిరాకరించాలనీ వివరంగా చెప్పడం మొదలుపెట్టాడు. ఉపనిబంధనల దగ్గరికి వచ్చేసరికి వాన మొదలైంది. సైనికులు తడుస్తున్నారు. కౌంట్ చివరికి కళ్లు మూసుకుని, ఈ ఊరు ఊరికే ఇచ్చినా నాకొద్దు అన్నాడు.

"మొదటి నిరాకరణ నమోదు చేయుడి" అన్నాడు పండోల్ఫో ఆనందంగా.

కౌంట్ మిగిలిన రెండూ బూతులతో కలిపి అని, గుర్రం తిప్పాడు. అది నికార్సయిన నిరాకరణ. వెంటనే ఆయన వెనక కుక్కల్ని వదిలారు. పట్టుబడితే ఈ ఊరిని ఏలవలసి వస్తుందని తెలిసి సైన్యం మొత్తం ఆయుధాలు పారేసి లోయలోకి పరిగెత్తింది. బ్రెనోలా గెలిచిన యుద్ధం అదొక్కటే.

ఈ విజయం బ్రెనోలాకు పైనున్న అగ్రపీఠం దాకా పాకింది. అక్కడ ఆర్చిబిషప్ కుర్చీ ఖాళీగా ఉంది. వద్దనడంలో ఇంత సాటిలేని మనిషిని మా దగ్గరికే పంపండి, ఈస్టర్ ముందే వచ్చి తీసుకుపోతాం అని కబురొచ్చింది. తెబాల్దో పెద్ద పదవికి పోతాడు, బ్రెనోలా కుర్చీ మళ్లీ ఖాళీ అవుతుంది. ఈ వార్త తెలిసిన సాయంత్రానికే నగరంలో కేనన్లు ఒక్కొక్కరే మాయమవడం మొదలుపెట్టారు.

అలాంటి రోజుల్లోనే సాల్వా నుంచి బెర్తా వచ్చింది. కిందటేడు తెప్పతో పోయినవాడి భార్య. తెబాల్దోని ఎత్తుకుపోయాక వంతెన పని తనే చూస్తోంది. నెమళ్లని చేత్తో తోసుకుంటూ వచ్చి, బిషప్ గారి ఎదుట ఉన్న చిన్న కుర్చీలో అడక్కుండానే కూర్చుంది.

"ఏమయ్యా ఫాదరూ, నెమళ్లు బాగా బలిశాయే."

"నేను అడగలేదు బెర్తా."

"అడగనియ్యన్నీ వస్తన్నాయి, అడిగింది ఒకటీ రాలేదు. ఇదేం ఉద్యోగమయ్యా? నువ్వు బిషపువయ్యావంటే మా కష్టం గట్టెక్కిందని ఊరంతా దీపాలు పెట్టాం."

ఆయన తలొంచుకున్నాడు. పని ఎందాకా వచ్చిందని అడిగాడు. గైదో నాడి పట్టుకోబోతే ఆమె వైద్యుడి చెయ్యి తీసి అవతల పెట్టింది.

"ఎందాకా ఏంది, నువ్వొదిలిన కాడే ఉంది. రాళ్లు లేవు, మోసేవాళ్లు లేరు. చట్రం కొయ్య నానిపోయింది. మొదటి నీటికే పోద్ది. అది పోతే మిగతాది కూలిద్ది. మళ్లీ తెప్పే. నదికియ్యడానికి నాకు ఇంకో మొగుడు లేడు ఫాదరూ."

తెబాల్దో దగ్గర ఇవ్వడానికి ఉన్నవి నెమళ్లే. బెర్తా లేవబోతూ, ఊళ్లో ఇంకో పీడ దాపురించిందని చెప్పింది. నగరంనుంచి ఒక లావాటాయన వచ్చి ఆమె గడ్డివాములో దూరాడట. కోళ్లన్నీ తింటున్నాడట.

"నువ్వెవరయ్యా అంటే, 'నేనెవరో ఎవరికీ చెప్పొద్దు' అని ఊరందరికీ చెప్పుకొచ్చాడు. ఎవరో డీనంట."

"ఆయన చేతులు ఎలా ఉన్నాయి?" అన్నాడు తెబాల్దో.

"బూరెల్లా ఉన్నాయి. ఎందుకు?"

ఆయన అన్నం పెట్టించి ఆమెను పంపేసి, పండోల్ఫోకి కబురంపాడు. పండోల్ఫో వచ్చాడు. గైదో మణికట్టు పట్టుకున్నాడు. తెబాల్దో కిటికీలోంచి బయటికి చూస్తూ, చాలా నెమ్మదిగా, ఒక్కొక్క మాటే ఏరుకుని చెప్పాడు.

"నా తర్వాత ఈ కుర్చీ ఎక్కాల్సినవాళ్లు ఎక్కడెక్కడో దాక్కుంటున్నారట. వాళ్లలో ఎవరైనా సాల్వా వెళ్లి, సున్నం పూసుకుని, ఆనవాలు పట్టలేనట్టు రాళ్లు మోస్తూ ఉంటే, అలాంటివాడిని తీసుకొచ్చి బిషప్‌ని చెయ్యడం నాకు సుతరామూ ఇష్టం లేదు."

గైదో కళ్లు మూసుకుని లెక్కపెట్టాడు. నాడి నిద్రపోతున్నవాడిదిలా నిమ్మళంగా ఉంది. ఎందుకంటే ఆ మాట నిజం. ఒళ్లొంచి రాయి మోసే ఏ మనిషినీ ఆ నెమళ్ల మధ్య పడేయడం తెబాల్దోకి కలలో కూడా ఇష్టం లేదు.

పండోల్ఫో మొహం వెలిగిపోయింది. బిషప్ గారికి ఇష్టం లేనిదే శాసనం. ఆ రాత్రే ఆయన కూర్చుని నిబంధన రాశాడు. తిని పడుకుని దాగుట దొరకగోరుటయే. నిష్కపట నిరాకరణ గలవాడు సాల్వా యందు రాళ్లు మోయుచు, సున్నముచే ముఖమును మరుగుపరచుకొని, కూలి గోరక యుండును. అట్టివానికి ప్రాధాన్యము.

నిబంధన చాటింపు విని, మర్నాడు సాల్వాలో బెర్తా గడ్డివాములోంచి డీన్ అర్నుల్ఫో తనంతట తనే బయటికొచ్చాడు. సున్నం గుంటలో మొహం ముంచి లేచాడు. రాయి ఎక్కడుందని అడిగాడు. రాళ్లు లేవని బెర్తా చెప్పింది. అప్పటికే బెరెంగారియో కూడా దిగాడు, కుక్కల మచ్చ చెరుపుకోవాలన్న పట్టుదలతో. మఠం శిథిలాల తలుపు తాళంచెవి ఖజానా అధికారిగా ఆయన మొలలోనే ఉంది. బిషప్ గారు నెలల తరబడి సంపాదించలేని అనుమతిని, ఆయన రాయి ఎత్తుకోవాలన్న తొందరలో, తాళం తీసి అవతల పారేసి ఇచ్చేశాడు.

వారం తిరిగేసరికి మేత్రాసనంలో కాస్త ఆశ ఉన్న గురువులంతా సాల్వాలో ఉన్నారు. అందరూ తెల్లగా ఉన్నారు. ఎవరు ఎవరో తెలియడానికి వీల్లేదు కనుక బెర్తా వాళ్లకి వాళ్ల ఆకారాన్నిబట్టి పేర్లు పెట్టి పిలిచేది. ఒకడు చిన్నరాయి ఎత్తుకుంటే పక్కవాడు పెద్దరాయి ఎత్తుకునేవాడు. సున్నం కలిపే దగ్గర ఒకరి చేతిలో పార ఇంకొకరు లాక్కునేవాళ్లు. చలిలో, వానలో, ఆగమన్నా ఆగలేదు. ఎవరైనా జాలిపడి కూర్చోమంటే భయపడి ఇంకో రాయి ఎత్తుకునేవాళ్లు.

"ఏమయ్యా పొడుగోడా, ఆ రాయి అక్కడ కాదు" అని ఆమె అరిస్తే, రాజుల వంశంలో పుట్టిన కేనన్ ఒకాయన తల ఊపి ఇవతలికి తెచ్చి పెట్టేవాడు. ఆయన లోలోపల ఉప్పొంగిపోయేవాడు. ఇంత అవమానం జరిగిందంటే పదవి దాదాపు వచ్చేసినట్టే.

డీన్ సంగతి మాత్రం నెమ్మదిగా వేరే దారి పట్టింది. మొదట్లో ఆయన రాయి మోసిన ప్రతిసారీ నగరం రోడ్డు వైపు ఎవరైనా వస్తున్నారేమోనని చూసేవాడు. తర్వాత తాపీ పట్టుకున్నాడు. రాయి కింద సున్నం ఎంత మందం ఉంటే రాయి కూర్చుంటుందో చేతికి తెలిసింది. బూరెల్లాంటి చేతులు పగిలి, కాయలు కాశాయి. ఒకరోజు భోజనానికి పిలిస్తే వినిపించుకోలేదు. ఆ మర్నాటినుంచి రోడ్డు వైపు చూడటం మానేశాడు.

ఎండలు ముదిరాయి. కొండల మీద తెలుపు తగ్గి, నది రంగు మారింది. నడిమి కమాను రెండు వైపుల నుంచీ పెరిగి, మధ్యలో ఒక్క రాయి పట్టేంత సందు మిగిలింది.

అగ్రపీఠం పరివారం వచ్చింది ఆ రోజే. వాళ్ల దారి నది దాటే పోవాలి. వాళ్లు అవతలి గట్టుకు చేరారు. ఇవతలి గట్టుకు పండోల్ఫో, పట్టుతాడు కట్టిన తెబాల్దోని బండిలో తీసుకొచ్చాడు. నది అప్పటికే గట్లు ఒరుసుకుంటోంది. నీళ్లలో చెట్ల మొదళ్లు కొట్టుకొస్తున్నాయి. తెప్ప వెయ్యడం అసాధ్యం. పరంజా మీద తెల్లటి మనుషులు నడిమి రాయిని తాళ్లతో దించుతున్నారు. డీన్ సందులోకి వంగి రెండు చేతులా సున్నం తోశాడు. రాయి కూర్చుంది.

వాళ్లు కిందికి దిగుతుండగానే పెద్ద మొద్దు ఒకటి వచ్చి కొయ్యచట్రాన్ని గుద్దింది. చట్రం విరిగి, పెద్ద చప్పుడుతో ముక్కలై నీళ్లలో కలిసిపోయింది. చట్రం పోయిన చోట నీళ్ల మీద ఏ ఆధారమూ లేకుండా కమాను ఒక్కటే నిలబడి ఉంది. నిలబడే ఉంది.

బెర్తా చెప్పులు విడిచి చేత్తో పట్టుకుంది. అవతలి గట్టునుంచి బయల్దేరి, ఎవరితోనూ మాట్లాడకుండా, వంతెన మీదుగా నడిచి ఇవతలికొచ్చింది. నడిమధ్యలో ఒకసారి ఆగి నీళ్లలోకి చూసింది. వచ్చి బండి పక్కన నిలబడింది.

"కాళ్లు తడవలేదయ్యా" అంది తెబాల్దోతో.

ఆమె వెనకే అగ్రపీఠం పరివారం కూడా వంతెన దాటి వచ్చింది. పరివారం పెద్ద ఎర్రటి అంగీ సర్దుకుని, తెబాల్దో ఎదుట నిలబడి, ఆర్చిబిషప్ పీఠమును స్వీకరించెదరా అని అడిగాడు. ఇలాంటి నిరాకరణ దగ్గరనుంచి చూసే అదృష్టం మళ్లీ రాదని కొందరు ముందుకు తోసుకొచ్చారు. పండోల్ఫో సున్నం పడకుండా మొహానికి రుమాలు అడ్డం పెట్టుకున్నాడు.

తెబాల్దో వంతెన వైపే చూస్తున్నాడు. పల్లెలోంచి పిల్లలు దాని మీదికి పరిగెత్తుకొస్తున్నారు. ఒక ముసలాయన మేకని తోలుకుంటూ నదికి ఇవతలికి వస్తున్నాడు, ఏ పనీ లేకపోయినా. తెబాల్దోకి ఆ క్షణంలో కావలసింది ఏమీ మిగల్లేదు. కోపం తెచ్చుకుందామన్నా రాలేదు.

"సరే" అన్నాడు. "పదండి."

పరివారం పెద్ద తను సరిగ్గా వినలేదనుకున్నాడు. రెండోసారి అడిగాడు. రెండోసారి కూడా సరే అన్నాడు తెబాల్దో. గైదో పరిగెత్తుకొచ్చి మణికట్టు పట్టుకున్నాడు. నాడి నిమ్మళంగా ఉంది. మనసారా సరే అంటున్నాడు. పండోల్ఫో మొహంలో నెత్తురు లేదు. ఆయన బండి చక్రం పట్టుకుని నిలదొక్కుకున్నాడు.

"పీఠమిచ్చెదమనగా సరే అనుట..." అన్నాడాయన. "ఇట్టి నిర్లజ్జ మున్నెన్నడును చూడలేదు. అనర్హుడు. ఈ క్షణమునుండి ఏ పీఠమునకును అనర్హుడు."

కిరీటం తీశారు. పట్టుతాడు విప్పారు. తెబాల్దో మణికట్లు రుద్దుకున్నాడు.

ఇప్పుడు పరివారం ఉత్తచేతులతో వెనక్కి పోవడానికి వీల్లేదు. నిబంధన ప్రకారం రాళ్లు మోసినవాళ్లకే ప్రాధాన్యం కదా అని అందరూ తెల్లటి మనుషుల వైపు తిరిగారు. ఆ క్షణం కోసమే ఎదురుచూస్తున్న బెరెంగారియో ఛాతీ పొంగించి, నాకొద్దు నాకొద్దు నాకొద్దు అని నది హోరుని మించి అరిచాడు. ఇంకా ఎవరూ ఏమీ అడగలేదని పండోల్ఫో గుర్తుచేశాడు. ఆయన అనర్హుడయ్యాడు. ఆయన్ని చూసి నేర్చుకున్నవాళ్లంతా వరసగా అరిచి, వరసగా అనర్హులయ్యారు.

అరవనివాడు ఒక్కడున్నాడు. వంతెన నడుమ, పిట్టగోడ దగ్గర మోకాళ్ల మీద కూర్చుని, తాపీ పిడితో ఒక రాయిని తట్టి చూస్తున్నాడు. పరివారం పెద్ద అక్కడికి నడిచివెళ్లి, ఆర్చిబిషప్ పీఠమును స్వీకరించెదరా అని డీన్ అర్నుల్ఫోని అడిగాడు.

"ఉండండి" అన్నాడు డీన్ తలెత్తకుండా. "ఈ రాయి సరిగ్గా కూర్చోలేదు."

రెండోసారి అడిగితే, వెలుగుకి అడ్డం తప్పుకోమన్నాడు. మూడోసారి అడిగేసరికి ఆయనకి చిర్రెత్తింది.

"మీ పీఠం మీరే ఉంచుకోండి బాబూ. నా సున్నం ఆరిపోతోంది."

పండోల్ఫో కళ్లు చెమర్చాయి. భటులు వచ్చి డీన్‌ని పట్టుకున్నారు. జీవితమంతా ఎదురుచూసిన మాట చెవిన పడ్డా ఆయన గింజుకున్నాడు, తన్నాడు, ఒక భటుడి చెయ్యి కొరికాడు. ఇంత గొప్ప నిరాకరణ అగ్రపీఠం చరిత్రలోనే లేదని పరివారం వాళ్లు ఒకరికొకరు చెప్పుకుంటూ ఆయన్ని కట్టేసి బండిలో వేశారు. బండి వంతెన దాటింది. పిట్టగోడలో ఆ రాయి తిరగేసి పెట్టారనీ, తీసి మళ్లీ పెట్టమనీ, లేకపోతే వచ్చే వరదకి ఊడుతుందనీ ఆయన అవతలి మలుపు తిరిగేదాకా అరుస్తూనే ఉన్నాడు.

తెబాల్దో అంగీ చేతులు పైకి మడిచి, వంతెన నడిమికి వెళ్లి, డీన్ వదిలిన తాపీ తీసుకున్నాడు. రాయిని పెకలించి చూశాడు. డీన్ చెప్పింది నిజమే. తిరగేసే పెట్టారు.

"తడి సున్నం పట్టుకురా బెర్తా" అన్నాడు.